‘సెక్టర్ 7’ ఎక్కడ తేలిపోయింది: మాన్‌స్టర్ సినిమాను విప్పి చూసే పద్ధతి

‘గ్రాఫిక్స్ బాలేవు’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేయడానికి ‘సెక్టర్ 7’ చాలా అనువైన సినిమా. 2011 ఆగస్టు 4న దక్షిణ కొరియాలో విడుదలైంది. త్రీడీ ఐమాక్స్‌లో వచ్చిన మొదటి కొరియన్ సినిమా ఇదే. నడిసముద్రంలో చమురు రిగ్గు, దాని మీద ఇరుక్కుపోయిన సిబ్బంది, వాళ్ళని ఒక్కొక్కరినే పొట్టన పెట్టుకునే మృగం. ఈ లైను వింటే ఎవరికైనా టిక్కెట్టు కొనబుద్ధేస్తుంది. చూసి బయటికొచ్చినవాళ్ళు మాత్రం పెదవి విరిచారు.

ఆ విరుపుకి గ్రాఫిక్స్ ఒక కారణమే, మొదటి కారణం కాదు. జబ్బు స్క్రిప్టులో ఉంది, గ్రాఫిక్స్‌లో బయటపడింది. ఈ మాట ఊరికే అనేస్తే ఎవరూ నమ్మరు. సినిమాని ముందేసుకుని, ఫలానా నిమిషం దగ్గర ఫలానాది తప్పిందని చూపించగలగాలి. అలా చూపించడానికే ఈ పద్ధతి. రివ్యూలు రాసేవాళ్ళకీ, తక్కువ బడ్జెట్లో వింతజీవి కథ తీద్దామనుకునే కుర్రాళ్ళకీ ఒకేలా పనికొస్తుంది. కథ దాచిపెట్టి ఈ పని చేయలేం కాబట్టి, ఇక్కడ పేర్లు వచ్చే సినిమాలు చూడనివాళ్ళు ముందు చూసి రావడం మంచిది.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

సినిమా డిస్క్ రూపంలోనో, డబ్బు పెట్టి కొన్న ఫైల్ రూపంలోనో ఉంటే మేలు. ఓటీటీ యాపుల్లో ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ చూడటం సాధారణంగా కుదరదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘E’ నొక్కితే సినిమా ఒక్క ఫ్రేమే ముందుకు జరుగుతుంది. సెకనుకి 24 ఫ్రేములు అని గుర్తుంచుకుంటే లెక్కలు తేలిక.

కొరియన్ ఆడియో, కింద సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి. డబ్బింగ్‌లో మాటల ట్రాక్ మొత్తం మారిపోతుంది. నటుడి ఊపిరి, అరుపు, గొంతు వణుకు పోయి వేరే మనిషి గొంతు వస్తుంది. భయం తగ్గిందంటే అది దర్శకుడి తప్పో డబ్బింగ్ థియేటర్ తప్పో చెప్పలేని పరిస్థితి వస్తుంది.

ఫోన్ మీద వద్దు. రిగ్గు లోపలి దృశ్యాలు చాలావరకు మసక వెలుతురులో ఉంటాయి. చిన్న తెర మీద, పగటి వెలుగులో చూసి ‘ఏమీ కనపడలేదు’ అనడం న్యాయం కాదు. కనీసం లాప్‌టాప్, చీకటి గది, బ్రైట్‌నెస్ సగానికి పైన. 

ఇవి కాక రూళ్ళ నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు, 30 సెంటీమీటర్ల స్కేలు, నాలుగు తెల్లకాగితాలు. పోలికకి బోంగ్ జూన్-హో తీసిన కొరియన్ మాన్‌స్టర్ సినిమా ‘ది హోస్ట్’ (2006) పక్కన ఉంచుకోండి. టైము విషయానికొస్తే మొదటిసారి చూడటానికి గంటా నలభై నిమిషాలు, రెండోసారికి నాలుగు గంటలు, పోలికకి ఓ గంట. ఒకే రోజు కూర్చుని లాగించవద్దు. మూడో గంట దాటాక కోపం కళ్ళకి అడ్డం పడుతుంది, అన్నీ తప్పుల్లాగే కనిపిస్తాయి.

ఆశల లెక్క వేరు, సినిమా లెక్క వేరు

నిరాశ అంటేనే ఏదో ఆశించామని. అది ఏమిటో ముందే రాసి పక్కన పెట్టకపోతే తర్వాత రాసేదంతా ఆ కోపమే అవుతుంది.

‘సెక్టర్ 7’ మీద ఆశలు పెరగడానికి కారణాలు చాలానే ఉన్నాయి. దర్శకుడు కిమ్ జి-హూన్ సైనిక పాలనకి ఎదురుతిరిగిన గ్వాంగ్జూ నగర తిరుగుబాటు మీద 2007లో తీసిన సినిమా పెద్ద హిట్టు. నిర్మాత యూన్ జె-క్యూన్ 2009లో సునామీ నేపథ్యంగా సొంత దర్శకత్వంలో తీసిన సినిమా కోటి టిక్కెట్లు దాటింది. అందులో నటించిన హా జి-వోన్ ఇక్కడా హీరోయిన్. పక్కన ఆన్ సంగ్-గి, 1950ల్లో బాలనటుడిగా మొదలుపెట్టి కొరియన్ సినిమాకే పెద్దదిక్కు అయిన మనిషి. 

ఇంకో ఆశ మనకి తట్టదు, కొరియా ప్రేక్షకుడికి మాత్రం పేరు వినగానే తడుతుంది. పేరులోని ‘సెక్టర్ 7’, అంటే ఏడో బ్లాకు, కల్పన కాదు. జేజు ద్వీపానికి దక్షిణంగా ఉన్న సముద్రగర్భం అది. దాన్ని కలిసి తవ్వుకుందామని కొరియా, జపాన్ 1974లో ఒప్పందం చేసుకున్నాయి. 1978లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం గడువు 50 ఏళ్ళు, అంటే 2028 దాకా. చుక్క చమురు పండని దేశానికి అదొక పెద్ద కల. 1980లో దాని మీద పాట కూడా వచ్చింది. అలాంటి పేరు పెట్టుకున్న సినిమా ఆ కలని ఏం చేసిందన్నది వాళ్ళు అడిగే ప్రశ్న. తెలుగు ప్రేక్షకుడు అడగడు, అడగనక్కర్లేదు కూడా. కానీ కొరియన్ రివ్యూలు ఎందుకంత చేదుగా ఉన్నాయో అర్థం కావాలంటే ఇది తెలియాలి.

వసూళ్ళు చదివేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. మన ట్రేడ్ వాళ్ళు షేర్, గ్రాస్ అంటారు. కొరియాలో హిట్టూ ఫట్టూ తేల్చేది తెగిన టిక్కెట్ల సంఖ్య. ‘ది హోస్ట్’కి కోటీ ముప్పై లక్షల టిక్కెట్లు తెగాయి. దేశ జనాభాయే అప్పట్లో ఐదు కోట్ల లోపు. ‘సెక్టర్ 7’ సుమారు 22 లక్షల దగ్గర ఆగింది. అలాగని టిక్కెట్లే కొలత అనుకుంటే ‘డి-వార్’ దగ్గర దెబ్బతింటాం. షిమ్ హ్యుంగ్-రే తీసిన ఆ 2007 సినిమాకి 84 లక్షల మంది వచ్చారు, విమర్శకులు మాత్రం చీల్చి చెండాడారు. కాబట్టి ‘జనానికి నచ్చలేదు’ అనే మాట రివ్యూలో వాదనగా పనికిరాదు.

మొదటి చూపు: ఆపకుండా

పెన్సిల్ పట్టుకుని కూర్చోండి, రాయొద్దు. మనసు తెర మీంచి జారిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీసి పక్కన నిమిషం వేయండి. ఫోన్ వైపు చెయ్యి వెళ్ళినా అదొక గీతే. భయపడితే చుక్క, నవ్వితే సున్నా. ఇంతే.

పూర్తయ్యాక గీతలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూడండి. చాలామందికి మృగం రాకముందు భాగంలో, అంటే రిగ్గు మీద సరసాలు, పార్క్ చోల్-మిన్, సాంగ్ సె-బ్యోక్‌ల హాస్యం నడిచే చోట గీతలు పడతాయి. అది ఊహించిందే. అసలు పట్టుకోవలసింది మృగం తెర మీద ఉండగా పడ్డ గీతల్ని. మాన్‌స్టర్ సినిమాలో మాన్‌స్టర్ కనిపిస్తుండగా విసుగు పుట్టిందంటే రెండో చూపంతా ఆ చోట్ల చుట్టూనే తిరగాలి.

రెండో చూపు: మృగం పద్దు

నోటుబుక్కులో పేజీకి ఐదు గడులు గీయండి: నిమిషం, చోటు, ఎవరున్నారు, మృగం ఏం చేసింది, దాని గురించి మనకి కొత్తగా ఏం తెలిసింది. ఐదో గడే ప్రాణం. మిగతా నాలుగూ దానికి చేరడానికి మెట్లు.

ఈ పద్దు ఎలా నిండాలో ముందు ‘ది హోస్ట్’ మీద చేసి చూడండి, చెయ్యి అలవాటవుతుంది. సినిమా మొదలై పావుగంట కాకముందే హాన్ నది ఒడ్డున, పట్టపగలు, మృగం మొత్తం కనిపించేస్తుంది. మొదట వంతెన కింద గబ్బిలంలా వేలాడుతూ కనిపిస్తుంది: పైకి ఎక్కగలదు, పట్టు ఉంది. చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారుతుంది: ఈదగలదు. ఒడ్డున ఉన్నవాళ్ళు తినుబండారాలు విసిరితే వాటికోసం వస్తుంది: ఆకలి ఉంది. గట్టెక్కి జనం మీదికి పరుగెడుతుంది: నేల మీదా వేగమే. వాలులో కాలు జారి దొర్లుతుంది: బరువుంది, ఒళ్ళు దాని స్వాధీనంలో పూర్తిగా లేదు. జనం దాక్కున్న ట్రెయిలర్లోకి దూరుతుంది: మూసిన చోటు కాపాడదు. చివరికి తోకతో హీరో కూతురైన పాపని చుట్టి ఎత్తుకుపోతుంది: చంపేది మాత్రమే కాదు, పట్టుకుపోయేది కూడా. కొద్ది నిమిషాల్లో ఏడు వరసలు, ఏడింటికీ ఐదో గడి నిండింది. తర్వాత సినిమా అంతా ఈ ఏడింటి మీదే నడుస్తుంది.

ఇప్పుడు అదే పద్దు ‘సెక్టర్ 7’కి రాయండి. మొదటి రెండు మూడు సార్లు ఐదో గడిలో ఏదో ఒకటి పడుతుంది. ఆ తర్వాత ‘మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెంటపడింది’ అని రాయవలసి వస్తుంది. అలాంటప్పుడు గడి ఖాళీగా వదిలి ఎర్రపెన్నుతో అడ్డగీత కొట్టండి. వరసగా మూడు ఖాళీలు వచ్చిన చోటుకీ మొదటి చూపులో గీతలు గుంపుగా పడ్డ చోటుకీ తేడా పెద్దగా ఉండదు. ఆ షాట్లలో గ్రాఫిక్స్ ఎంత గొప్పగా ఉన్నా మనసు జారేదే, ఎందుకంటే చూడటానికి కొత్తదేమీ లేదు. 

పద్దు కింద ఇంకో పేజీ ‘నియమాలు’ అని పెట్టండి. మృగానికి ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు, ఏది చంపుతుంది. ‘సెక్టర్ 7’ తానే ఒక మంచి నియమం చెప్పింది: ఆ జీవి ఒంటిలోని ద్రవం ఇంధనంలా మండుతుంది. చమురు కోసం వచ్చినవాళ్ళకి చమురులాంటి జీవే దొరికిందన్నమాట. ఎంత మంచి ఆలోచన! ఇక్కణ్ణుంచి ఎన్ని ప్రశ్నలు పుడతాయో చూడండి. దాన్ని కాలిస్తే రిగ్గు కూడా కాలుతుందా? రక్తం కారిన చోట నిప్పు పడితే ఏమవుతుంది? దాన్ని చంపాలా, దాచుకోవాలా? ఒక్కో ప్రశ్నకీ సినిమా జవాబు చెప్పిన నిమిషం రాయండి, చెప్పకపోతే సున్నా చుట్టండి. మృగం కాలుతుంది, లేస్తుంది, దెబ్బ తింటుంది, మళ్ళీ లేస్తుంది. ఏది పనిచేస్తుందో ప్రేక్షకుడికి తెలియనప్పుడు పాత్రలు ఏం చేసినా పందెం కాయడానికి వీలుండదు.

నియమాలు గట్టిగా ఉంటే జీవి ఎంత చిన్నదైనా కథ నిలబడుతుందనడానికి మరుసటి ఏడే మన దగ్గర సాక్ష్యం వచ్చింది. 2012లో వచ్చిన ‘ఈగ’లో ఈగ మాట్లాడదు, పెద్ద బరువెత్తదు, మనిషిని సొంత బలంతో చంపలేదు. విసిగించగలదు, నిద్ర చెడగొట్టగలదు. హీరోయిన్ సూక్ష్మకళాకారిణి కాబట్టి దానికి సరిపడే ఆయుధాలు తయారవుతాయి. చూసేవాడు కూడా ఈగతో కలిసి ఉపాయం పన్నుతాడు. గ్రాఫిక్స్ ఎంత బాగా కుదిరాయన్నది ఆ తర్వాతి మాట.

రిగ్గు పటం గీయడం

ఒక తెల్లకాగితం మీద పెద్ద దీర్ఘచతురస్రం గీయండి. సినిమా చూపించిన కొద్దీ అందులో డెరిక్ (తవ్వకం గోపురం), కంట్రోల్ రూమ్, భోజనాల గది, పడక గదులు, హెలిప్యాడ్, ఇంజిన్ గది, మెట్లు గుర్తించండి. మృగం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళినప్పుడు బాణం గీయండి. ఎలా వెళ్ళిందో తెలియకపోతే బాణం మీద ప్రశ్నార్థకం పెట్టండి.

ఒక్క ఛేజింగ్‌లో మూడు ప్రశ్నార్థకాలు పడ్డాయంటే చూసేవాడు దారి తప్పాడని అర్థం. దారి తప్పినవాడికి భయం వేయదు, అయోమయం వేస్తుంది. ఇద్దరు మనుషులు ఒక కారిడార్‌లో పరుగెడుతున్నారు, మలుపు తిరిగితే ఏముందో మనకి ముందే తెలిసుండాలి. తెలిస్తేనే ‘అటు వద్దు’ అని మనసులో అరుస్తాం. ‘సెక్టర్ 7’లో చాలా కారిడార్లు ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి. తేడా చూపే రంగో, అంకెలో, విరిగిన దీపమో ఏదైనా ఉందేమో వెతికి పటంలో రాయండి. మీ సొంత షార్ట్ ఫిల్ముకి ఇదే మందు: ఒకే కారిడార్‌ని మూడు చోట్లుగా చూపించాలంటే గోడ మీద వేరే అంకె, వేరే రంగు దీపం, నేల మీద వేరే వస్తువు పెడితే చాలు. ఖర్చు కొన్ని వందల్లోనే తేలిపోతుంది.

కాకినాడ, యానాం వైపు వాళ్ళకి ఇక్కడ ఇంకో సౌలభ్యం ఉంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో రిగ్గుల మీద పనిచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. రిగ్గు మీద పనిచేసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే రాసుకోలేనన్ని విషయాలు చెబుతారు. సముద్రంలో తవ్వే రిగ్గు మీద మామూలుగా వందమంది దాకా ఉంటారు. ఈ సినిమా రిగ్గు మీద పట్టుమని ఇరవై మంది కనబడరు. గ్యాస్ ఎప్పుడు లీకవుతుందో తెలియని చోట నిప్పురవ్వ పుట్టే ప్రతి పనికీ ముందస్తు అనుమతి చీటీ కావాలి. అలాంటి చోట హీరోయిన్ మోటార్ సైకిల్ వేసుకుని తిరుగుతుంది. 

ఇలాంటివి ‘లాజిక్ లేదు’ అని వెక్కిరించడానికి రాయమనడం లేదు. బండి ఉంటే ఉండనివ్వండి, సినిమా కదా. అసలు నష్టం వేరే ఉంది. నిజమైన రిగ్గు దర్శకుడికి ఉచితంగా ఇచ్చే ఆయుధాలు ఇన్నున్నాయి: గ్యాస్ వాసన పట్టి మోగే అలారాలు, మూతపెట్టిన లైఫ్‌బోట్లు, పేరుపేరునా హాజరు తీసుకునే మస్టర్ స్టేషన్, క్రేన్లు, బావి పేలకుండా నొక్కిపట్టే బ్లోఅవుట్ ప్రివెంటర్, ఎప్పుడూ ఆగని జనరేటర్ల హోరు. ఈ ఆరూ ఒక కాగితం మీద రాసి సినిమా ఏవి వాడుకుందో టిక్కు పెట్టండి. హాజరు పట్టీ ఒక్కటి చాలు, ‘తొమ్మిది మందిమి ఉండాలి, ఎనిమిది మందిమే ఉన్నాం’ అనే సీన్ పైసా గ్రాఫిక్స్ లేకుండా పుడుతుంది. 

స్కేలు పెట్టి కొలవడం

ఇప్పుడు గ్రాఫిక్స్ దగ్గరికి రావచ్చు. ‘బాలేవు’ అనే మాటని నాలుగు ముక్కలు చేస్తే ఏది ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

మొదటిది సైజు. మృగమూ మనిషీ కెమెరాకి ఒకే దూరంలో ఉన్న షాట్లు మూడు ఎంచుకుని ఆపండి. తెర మీద స్కేలుతో రెండింటి ఎత్తూ కొలవండి. ఉదాహరణకి మనిషి 6 సెంటీమీటర్లు, మృగం 15 వస్తే నిష్పత్తి రెండున్నర. మనిషిని 1.7 మీటర్లు అనుకుంటే మృగం నాలుగుంపావు మీటర్ల ఎత్తు. ఇంకో షాట్‌లో అదే నిష్పత్తి మూడున్నర వస్తే దాదాపు ఆరు మీటర్లకి పెరిగిపోయిందన్నమాట. మృగం నిలబడిందా, వంగిందా అన్నది చూసుకోండి. పది, పదిహేను శాతం తేడాని వదిలేయవచ్చు. పాతిక శాతం దాటితే మాత్రం కన్ను పట్టేస్తుంది, కారణం చెప్పలేకపోయినా. తలుపులు కూడా మంచి కొలబద్ద. మామూలు తలుపు రెండు మీటర్ల ఎత్తు, మీటరు లోపు వెడల్పు. ఆరు మీటర్ల జీవి అందులోంచి ఎలా వచ్చిందో చూపించని ప్రతిచోటా పటంలో ఇంకో ప్రశ్నార్థకం పడుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మృగం కెమెరాకి దగ్గరగా, మనిషి దూరంగా ఉన్న షాట్‌ని కొలవడం. వెడల్పు లెన్సుతో తీసినవాటిలో ముందున్నది రెట్టింపు కనిపిస్తుంది. అలాంటివి పక్కన పెట్టేయండి.

రెండోది బరువు. మృగం కాలు నేలకి తగిలే క్షణం పట్టుకుని ముందు 12 ఫ్రేములు, తర్వాత 12 ఫ్రేములు ఒక్కొక్కటే జరపండి. మూడు చూడాలి. కాలి కింద నీడ నల్లబడుతోందా? నేల ఏమైనా స్పందిస్తోందా, అంటే నీళ్ళు చింది, రేకు వంగి, వస్తువు ఎగిరి పడుతోందా? ఆ బరువుకి దాని ఒళ్ళే ఒక్కసారి కుంగి లేస్తోందా? మూడూ లేకపోతే మృగం నేల మీద నడవదు, జారుతుంది. ‘అతికించినట్టుంది’ అని జనం అనేది దీన్నే. రిగ్గు నేల ఇనప జాలీ కాబట్టి చప్పుడు కూడా కాలు తగిలిన ఒకటి రెండు ఫ్రేముల్లోపే రావాలి.

మూడోది చూపు. మృగాన్ని చూసి నటులు భయపడే షాట్ ఆపి, ఒక్కొక్కరి కళ్ళ నుంచి గీత ఊహించుకోండి. సెట్‌లో మృగం లేదు, కర్రకి కట్టిన బంతో గుర్తో ఉంటుంది. దాన్ని సరిగ్గా పెట్టకపోతే ఒకరు పైకి, ఒకరు పక్కకి, ఒకరు కెమెరా వెనక్కి చూస్తుంటారు. ఇది గ్రాఫిక్స్ తప్పు కాదు, షూటింగ్ రోజు తప్పు. రివ్యూలో దీన్ని గ్రాఫిక్స్ వాళ్ళ నెత్తిన రుద్దకండి.

నాలుగోది వెలుతురు. మోటార్ సైకిల్ ఘట్టం దీనికి బాగా ఉపయోగపడుతుంది. బండి దీపాల పక్కనుంచి పోతున్నప్పుడు హా జి-వోన్ ముఖం మీద వెలుగు మారుతోందా, జుట్టు ఎగిరే జోరు వెనకాల దృశ్యం పరుగెత్తే జోరుతో సరిపోతోందా, చక్రం నేలకి తాకే చోట నీడ ఉందా చూడండి. జుట్టు అంచుల్లో సన్నటి గీతలా వేరే రంగు కనిపిస్తే అది షూటింగ్‌లో నటుల వెనకాల కట్టిన రంగు తెర ఛాయ మిగిలిపోవడం. త్రీడీ కోసం ఆలోచించిన సినిమా కాబట్టి ఇంట్లో టూడీలో చూసేటప్పుడు కొన్ని వస్తువులు కెమెరా మీదికి ఊరికే దూసుకొచ్చినట్టు ఉంటాయి. అవి తప్పుల కింద రాయకండి.

ఆఖరి నిమిషం హడావిడి సంగతి కూడా ఈ లెక్కలో చేర్చాలి. విడుదల రోజు ఉదయం ఆటలు పడలేదు, పనులు పూర్తికాక ప్రదర్శనలు సాయంత్రానికి జరిగాయి. ‘కాపీ రెడీ కాలేదట’ అనే మాట మన థియేటర్ల దగ్గరా కొత్తేమీ కాదు. షాట్లు పాలిష్ కావడానికి టైము చాలలేదని దీన్నిబట్టి ఊహించవచ్చు. అయితే ఇంకో ఆరు నెలలు ఇచ్చి ఉంటే కాలి కింద నీడలు కుదిరేవి, ఐదో గడిలో ఖాళీలు మాత్రం అలాగే ఉండేవి.

శబ్దానికి చిన్న పరీక్ష చాలు. మృగం దాడి చేసే ఏదైనా మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని హెడ్‌ఫోన్స్‌తో వినండి. ఎడమ నుంచి వస్తోందో, పైనుంచి వస్తోందో, ఎంత దూరంలో ఉందో చెప్పగలిగితే పాస్. అన్నీ కలిసి ఒకే గోలగా వినిపిస్తే ఫెయిల్.

మనుషుల పద్దు

రెండు గడులు. ఎడమ వైపు ‘నాటింది’, కుడి వైపు ‘కోసింది’. చివరి పోరాటం నుంచి వెనక్కి వెళ్ళడం సులువు: అక్కడ వాడిన ప్రతి వస్తువూ, ప్రతి విద్యా మొదట ఎప్పుడు కనిపించిందో వెతికి నిమిషం వేయండి.

‘ది హోస్ట్’ చివర చూడండి. హీరో చెల్లెలు విలువిద్యలో పతకం గెలిచింది, కానీ బాణం వదలడానికి మరీ ఆలస్యం చేసే మనిషి అని ముందే చూశాం. తమ్ముడు ఒకప్పుడు ఉద్యమాల్లో తిరిగినవాడు, పెట్రోలు సీసాలు విసరడం తెలుసు. ఆఖర్లో సీసా అతని చేతిలోంచి జారిపోతుంది, బాణం దాని మంట అందుకుని సమయానికి వెళుతుంది. ముగ్గురు తోబుట్టువుల చేతకానితనమూ, చేతనైనదీ ఒకే నిమిషంలో ముడిపడతాయి. కుడి గడి నిండింది, ఎడమ గడిలో ప్రతిదానికీ జోడీ ఉంది.

‘డి-వార్’ దీనికి తలకిందులు. లాస్ ఏంజెలెస్‌లో పెద్ద భవనాన్ని చుట్టుకునే సర్పం, హెలికాప్టర్లతో యుద్ధం చూడ్డానికి బాగానే ఉంటాయి. చివరికి హీరో చేసిందేమీ లేకుండా ఇంకో మంచి సర్పం ఎక్కణ్ణుంచో వచ్చి కథ ముగిస్తుంది. టీవీ చర్చలో విమర్శకుడు చిన్ జుంగ్-క్వోన్ పట్టుకున్న లోపం ఇదే, దాని మీద అప్పట్లో కొరియాలో పెద్ద రగడ జరిగింది.

‘సెక్టర్ 7’లో ప్రతి చావు తర్వాత ఐదు నిమిషాలు గమనించండి. చచ్చినవాడి పేరు ఎవరైనా ఎత్తారా? ఎత్తితే టిక్కు, లేకపోతే సున్నా. హాస్యానికీ ఇలాంటి పరీక్షే ఉంది. మాన్‌స్టర్ సినిమాలో జోకులు తప్పని ఎవరన్నారు? ‘ది హోస్ట్’లో పాప చనిపోయిందనుకుని సామూహిక సంస్మరణ దగ్గర కుటుంబమంతా నేల మీద పడి దొర్లే సీన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి, ఆ ఇంటి మనుషులు ఎలాంటివాళ్ళో కూడా తెలిసిపోతుంది. జోకు తీసేస్తే మనకి పాత్ర గురించి తెలిసింది ఏదైనా తగ్గుతుందా అని అడగండి. తగ్గకపోతే ఆ నిమిషాలు కూడండి. మృగం ఆలస్యంగా వచ్చినట్టు అనిపించడానికి కారణం చాలాసార్లు ఆ మొత్తమే.

రాసేటప్పుడు

పద్దులన్నీ ముందు పెట్టుకుని తప్పుల్ని నాలుగు కుప్పలు చేయండి: స్క్రిప్టు, షూటింగ్, గ్రాఫిక్స్, విడుదల. ఏ కుప్ప పెద్దదో దానితో రివ్యూ మొదలుపెట్టండి. ఆరేడు వందల పదాల రివ్యూకి మూడు నిదర్శనాలు చాలు. ముప్ఫై తప్పులు పేర్చితే చదివేవాడికి సినిమా మీద కాదు, రాసినవాడి మీద విసుగొస్తుంది.

‘సెకండాఫ్ ల్యాగ్’, ‘లాజిక్ లేదు’, ‘గ్రాఫిక్స్ నాసిరకం’ అని రాయబోతే ఆగి, ఆ మాటకి ఆధారమైన వరస పద్దులోంచి తీసి రాయండి. ‘మృగం తలుపు పట్టనంత పెద్దది, తర్వాతి షాట్‌లో గది లోపల ఉంది, ఎలా వచ్చిందో సినిమా చెప్పదు’ అని రాస్తే వాదనకి దిగేవాడు ఆ షాట్ చూపించి దిగాలి. ‘నాలుగోసారి వెంటపడినప్పుడు దాని గురించి మనకి తెలిసింది మొదటిసారి తెలిసినంతే’ అన్న వాక్యం ‘బోర్’ అనే మాటకన్నా గట్టిగా నిలబడుతుంది. రేటింగ్ ఇవ్వక తప్పదంటే ఇవ్వండి గానీ, రెండుంపావుకీ రెండున్నరకీ మధ్య తేడా చెప్పలేనప్పుడు పావులు మానేయడం నయం.

సాంకేతికతని ఆ ఏడాదితోనే పోల్చాలి. 2011 షాట్‌ని ఇవాళ్టి కళ్ళతో కొట్టడం తేలికే. ఐదేళ్ళ ముందొచ్చిన ‘ది హోస్ట్’ని పక్కన పెట్టడంలో అన్యాయం లేదు, కానీ దాని గ్రాఫిక్స్ పని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ది ఆర్ఫనేజ్ సంస్థ చేసిందని గుర్తుంచుకోండి. కొరియన్ స్టూడియో సొంతంగా చేసినదాన్ని దానితో పోల్చేటప్పుడు ఆ తేడా ఒక వాక్యంలో చెప్పాలి. బాగున్నవి కూడా రాయాలి. హా జి-వోన్ ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది, మృగాన్నే ఇంధనంగా ఊహించడం మంచి విత్తనం.

చెయ్యి తిరగడానికి తర్వాత తీసుకోవలసింది ‘మాన్‌స్ట్రమ్’ (2018). కొరియాని అప్పట్లో ఏలిన జోసన్ రాజ్యంలో జుంగ్జోంగ్ రాజు కాలం నాటి కథ. అంతఃపురంలో వింతజీవి కనపడిందని ఆనాటి రాజచరిత్రల్లో నిజంగానే రాసి ఉంది. మొదటి సగం అంతా ‘అసలు మృగం ఉందా, పుకారా’ అనే ప్రశ్న మీద నడుస్తుంది. కాబట్టి పద్దులో ఐదో గడికి పక్కన ఆరో గడి ఒకటి కలపండి: ‘నమ్మినవాళ్ళు ఎవరు’. మృగం ఉందని తేలిపోయిన నిమిషం దగ్గర అడ్డగీత కొట్టి, పైన ఎన్ని గడులు నిండాయి, కింద ఎన్ని నిండాయి లెక్కపెట్టండి. పటం ఈసారి రాజభవనానిది, దీనికి రెండు కాగితాలు పడతాయి.